పునీతుల చరిత్రలు: సైనికుని రోగశయ్యనుండి తెలుగు పల్లెల దాక

సికిందరాబాదు నగరమునకు ఈశాన్యమున, కాప్రా చెఱువునకు చేరువలో, సైన్యమునుండి విరమించినవారు ఇండ్లు కట్టుకొని స్థిరపడుటకై వెలసిన సైనిక్‌పురి కాలనీ మీదుగా ప్రతిదినము ఉదయము సాగిపోవు స్కూలు బస్సులపై క్రైస్తవ పునీతుల నామములు కనబడుచునే యుండును. సెయింట్ ఆన్స్, సెయింట్ ఆండ్రూస్, సెయింట్ ప్యాట్రిక్స్, సెయింట్ మేరీస్ అను పేర్లు మన పిల్లల నోట ఇంటిపేర్లంత సహజముగా వినవచ్చును. పడమటికి పోయినచో తిరుమలగిరిలో సర్వపునీతులకును కలిపి యంకితము చేయబడిన 1860 నాటి ఆల్ సెయింట్స్ చర్చి కలదు. అల్వాలులో లొయోలా అకాడమీ కలదు. దక్షిణమున, పాతవారు లష్కరని పిలుచు సికిందరాబాదులో, 1813 నాటి సెయింట్ జాన్స్ చర్చియు, సెయింట్ మేరీస్ బసిలికయు కలవు. ఇన్ని పేర్లను నిత్యము పలుకుచున్న మనలో ఆ పేర్లు గలవారెవరో, ఏమి చేసిరో, వారి కథలను లోకమునకు దక్కించిన గ్రంథము లెట్టివో యెఱిగినవారు తక్కువ. క్రైస్తవ కుటుంబములలో పుట్టి పెరిగినవారు సైతము ఈ విషయమున పొరుగువారికంటె మిక్కిలి ముందున్నారని చెప్పలేము.

ఒక్క యుదాహరణము చాలును. మరియమాతకు తల్లి యని లోకము కొనియాడు అన్నమ్మ పేరు బైబిలులోని నాలుగు సువార్తలలో నెక్కడను లేదు. సంతానము లేక ఆమె తోటలో కూర్చుండి, చెట్టుమీది పిచ్చుకగూటిని చూచి, పక్షికున్న భాగ్యము తనకు లేకపోయెనే యని విలపించిన ఘట్టమును, పిదప కలిగిన ఆడుబిడ్డను దేవాలయమునకు సమర్పించిన వృత్తాంతమును మనకు దక్కించినది రెండవ శతాబ్దిలో యాకోబు పేర వెలువడిన ఒక చిన్న పుస్తకము. సంఘము దానిని బైబిలులో చేర్చలేదు. అయినను ప్రజల హృదయము దానిని విడువలేదు. మన వీధి బస్సుమీద వ్రాసియున్న ఆ పేరు వెనుక పదునెనిమిది వందల యేండ్లకు పైబడిన పఠనపరంపర నిలిచియున్నది.

పునీతుల చరిత్రలు వ్రాయు అలవాటు క్రైస్తవసంఘమునకు చెఱసాలలలోను వధ్యస్థలములలోను అబ్బినది. రోము చక్రవర్తులు విశ్వాసులను హింసించిన దినములలో ఎవరు ఎట్లు సాక్ష్యమిచ్చి మరణించిరో వ్రాసి, సంఘములు ఒకదానినుండి మఱియొకదానికి పంపుకొనెడివి. వానిలో కార్తేజి నగరమున 203వ సంవత్సరమున మృగముల యెదుటికి త్రోయబడి, తుదకు కత్తికి బలియైన పెర్పెతువ యను యువతి వ్రాసికొన్న దినచర్య నన్ను మిక్కిలి కదలించినది. ఇరువదిరెండేండ్ల వయసు, చంకలో పాలుకుడుచు బిడ్డ, ఎదుట మోకరిల్లి తన నెరసిన తలను చూచియైనను మనసు మార్చుకొమ్మని వేడుకొనుచున్న తండ్రి: ఈ మూటి నడుమ ఆమె తన మాటలతో తానే వ్రాసిన పుటలు, ప్రాచీన ప్రపంచమునుండి మనకు మిగిలిన స్త్రీ రచనలలో అత్యంత విరళమైనవి. అలంకారమేమియు లేదు. చెఱలోని చీకటి, ఉక్క, బిడ్డకు పాలిచ్చిన పిమ్మట కలిగిన ఊరట మాత్రమే యున్నవి.

హింస యడగిన పిమ్మట, మరణించినవారి కథలకు తోడుగా జీవించినవారి కథలు పుట్టినవి. ఈజిప్టు ఎడారులలో తపస్సు చేసిన అంతోని చరిత్రను అలెగ్జాండ్రియా పీఠాధిపతియైన అతనాసియుసు సుమారు 360 ప్రాంతమున గ్రీకుభాషలో రచించెను. ఆ పుస్తకము లాటినులోనికి మాఱి పడమటి దేశములకు చేరిన పిదప జరిగిన సంగతిని అగస్తీనుడు తన ఆత్మకథలో చెప్పియున్నాడు. 386వ సంవత్సరమున మిలాను నగరములో, సంశయములతో సతమతమగుచున్న అగస్తీనుని యింటికి వచ్చిన ఒక రాజోద్యోగి, ఇద్దరు కొలువుకాండ్రు ఒకనాడు షికారుగా పోయి, ఒక పాకలో ఈ అంతోని చరిత్రను చూచి, అందొకడు చదువుచు చదువుచునే తన కొలువును త్యజింప నిశ్చయించుకొన్న కథను చెప్పెను. అది విన్న అగస్తీనుడు తోటలోనికి పోయి కన్నీరు మున్నీరుగా విలపించి ఆనాడే క్రొత్త మనుష్యుడయ్యెను. ఒక తపస్వి జీవితము పుస్తకమైనది. ఆ పుస్తకము ఒక యుద్యోగిని మార్చినది. ఆ మార్పు కథయై మఱియొకని మార్చినది. అతని మార్పు ప్రపంచసాహిత్యములో తొలి గొప్ప ఆత్మకథయైనది. సాధువుల చరిత్రలకు ఇతర గ్రంథములకు లేని ఈ శక్తి యున్నదని నేను దృఢముగా నమ్ముచున్నాను. ఇవి చదివి తెలిసికొనుటకు మాత్రమే వ్రాసినవి కావు. చదివినవాడు లేచి నడచుటకు వ్రాసినవి.

సైనికులు కాపురముండు పురములో కూర్చుండి ఈ వ్యాసము వ్రాయుచున్నాను గనుక, ఈ చరిత్రలలో సైనికు లెందఱున్నారో చెప్పక పోజాలను. అమియాను పట్టణద్వారమువద్ద చలికి వణకుచున్న బిచ్చగానికి తన యంగీని కత్తితో రెండుగా కోసి సగమిచ్చిన మార్తీను రోమను సైన్యములోనివాడు. ఆయన జీవించియుండగనే సుల్పీసియుసు సెవెరుసు ఆయన చరిత్రను వ్రాసి లోకమునకు అందించెను. అసిస్సీ ఫ్రాన్సిసు 1202లో పెరూజియావారితో జరిగిన పోరులో పట్టుబడి సుమారొక యేడు బందీగా నుండెను. ఇట్టి కథల నన్నిటిని పండుగల క్రమమున కూర్చి, పదుమూడవ శతాబ్దిలో దొమినికను సభకు చెందిన యాకొబుసు దె వొరాజినె యను గురువు లాటినులో నొక సంపుటము చేసెను. చదివినవారు దానికి 'సువర్ణచరిత్రము' అని బిరుదు పెట్టిరి. ముద్రణయంత్రము లేని కాలములో చేతితో వ్రాసికొన్న దాని ప్రతులు వేయికి పైగా నేటికిని మిగిలియున్నవన్నచో, ఆనాటి జనులు దానికొఱకు ఎంత యాసపడిరో ఊహించుకొనవచ్చును. ఆంగ్లదేశమున ముద్రణకు ఆద్యుడైన కాక్‌స్టను 1483లో దానిని ఆంగ్లములో అచ్చొత్తెను.

ఆ సువర్ణచరిత్రమే, స్పెయిను భాషలోనికి పోయి, ఒక సైనికుని చేతబడినది. 1521 మే 20న పాంప్లోనా కోటను ఫ్రెంచివారినుండి కాపాడబోయి ఫిరంగిగుండు తగిలి కాలు విఱిగిన ఇగ్నేషియసు లొయోలా, స్వగృహమునకు మోయబడి మంచమెక్కెను. కాలు వంకరగా అతుకుకొన్నది. ఎముక పొడుచుకొని యుండుటచేత బిగుతైన జోడు తొడుగుట కందము కాదని, మత్తుమందు లేని యా దినములలో దానిని రంపముతో కోయించుకొన్నవా డాయన. అంతటి వీరదర్పము, అంతటి అలంకారప్రీతి. ప్రొద్దుపోకకు శూరులయు ప్రేయసులయు గాథ లడిగెను. ఇంటిలో అవి లేవు. వదినగారు తెచ్చి యిచ్చినవి రెండే: ఒకటి క్రీస్తు చరిత్ర, మఱియొకటి పునీతుల చరిత్ర.

వేఱు దారి లేక చదువ నారంభించిన యా పుస్తకములలో ఆయనకు ఒక క్రొత్త రణరంగము కానవచ్చెను. ఫ్రాన్సిసు చేసినది నే నేల చేయరాదు, దొమినికు చేసినది నే నేల చేయరాదు అని, యోధుడు యోధునితో పోటీ పడునట్లు, ఆయన మనస్సు ఆ పునీతులతో పోటీ పడసాగెను. నచ్చిన భాగములను నున్నని కాగితములపై, గీతలు గీసి, చక్కని వ్రాతతో ఎత్తి వ్రాసికొనెను. క్రీస్తు పలుకులను ఎఱ్ఱసిరాతోను, మరియమాత పలుకులను నీలిసిరాతోను వ్రాసిన యా నోటుబుక్కు సుమారు మున్నూఱు ఆకులైనదని ఆయన ఆత్మకథ వలన తెలియుచున్నది. ఇంకొక సూక్ష్మమును ఆయన కనిపెట్టెను. రాజసభలను, సుందరీమణులను తలచుకొన్నంతసేపు ఆనందమే. తలపు విడిచిన వెంటనే మనస్సు ఎండిపోవుచుండెను. పునీతులవలె ఆకులలములు తిని కాలినడకను జెరూసలేముకు పోవుదునని తలచినపుడును ఆనందమే. తలపు ముగిసిన పిదపను ఆ యానందము మిగిలియుండెను. ఈ భేదమును గుర్తించుటయే ఆయన 'ఆధ్యాత్మిక సాధనలు' అను గ్రంథమునకు బీజము. ఆయన స్థాపించిన యేసుసభకు 1540లో పోపుగారి యనుమతి లభించెను. ఆ సభ తొలి సభ్యులలో నొకడైన ఫ్రాన్సిసు సవేరి 1542లో గోవా తీరమున దిగెను. 1622లో ఆ గురుమిత్రు లిద్దఱును ఒకేనాడు పునీతులుగా ప్రకటింపబడిరి. అల్వాలులోని లొయోలా అకాడమీకి పేరిచ్చినది ఈ కుంటిసైనికుడే.

ఆ యేసుసభవారే 1701 ప్రాంతమున పుంగనూరు మీదుగా తెలుగుదేశములో అడుగిడిరి. కర్ణాటక మిషను అని పేరొందిన యీ ప్రయత్నమున ఫ్రెంచి గురువులు సన్న్యాసుల వలె శాకాహారులై, కావివస్త్రములు ధరించి, సంస్కృతాంధ్రములు నేర్చి, అనంతపురము ప్రాంతపు పల్లెలలో సంఘములు స్థాపించిరి. వారు స్వదేశమునకు వ్రాసిన జాబులు 1702 మొదలు 1776 వఱకు పారిసులో 34 సంపుటములుగా వెలువడి, తెలుగు పల్లెల కఱవులను, పాలెగాండ్ర కలహములను ఐరోపా పాఠకుల కెఱిగించినవి. విశ్వాసము స్వీకరించిన రెడ్డి కుటుంబములు, తరువాతి కాలమున కఱవులకును యుద్ధములకును తాళలేక, ఒకప్పటి గుంటూరు మండలములోని ఫిరంగిపురము, రెంటచింతల మొదలగు తావులకు తరలివచ్చి, తమ భక్తిని వెంట దెచ్చుకొనిరి. మన భాషలో క్రైస్తవ కావ్యము పుట్టినది ఈ వాతావరణములోనే. మంగళగిరి ఆనందకవి 'వేదాంత రసాయనము' అను పేర క్రీస్తు చరిత్రను ప్రబంధరీతిని రచించెను. పింగళి ఎల్లనార్యుడు 'తోభ్యా చరిత్రము'లో, చెఱపట్టబడి పరదేశమున నుండియు దిక్కులేని శవములను పూడ్చిపెట్టి, చూపు కోల్పోయిన ధర్మాత్ముని కథను, దేవదూత తోడుగా దూరదేశమునకు పోయి తండ్రి కన్నులకు మందు తెచ్చిన కుమారుని కథను పద్యములలో చెప్పెను. ఈ కవులను సాహిత్యచరిత్రకారులు ఒకటి రెండు వాక్యములలో ముగించుట నాకు బాధాకరము. చంపకోత్పలమాలలలో, వనవర్ణనల నడుమ, పాలస్తీనా ప్రవక్తలు ఆంధ్రభాష మాటలాడుట సామాన్యమైన సంగతి కాదు.

అయితే ఈ కథలు తెలుగువానికి వింతగా తోచకపోవుటకు వేఱొక కారణము కలదు. పదుమూడవ శతాబ్దిలోనే పాల్కురికి సోమనాథుడు ద్విపదలో బసవపురాణము రచించి, భక్తుల కథలను వినుట మనకు నేర్పియున్నాడు. కన్నప్ప తన కన్ను పెకలించి శివునికి సమర్పించుటయు, గొడగూచి శివుడు పాలు త్రాగకున్న తల పగులగొట్టుకొనబోవుటయు, తల్లి లేని శివునికి తానే తల్లినగుదునని బెజ్జమహాదేవి జాలిపడుటయు విన్న చెవులకు, ఫ్రాన్సిసు శిష్యుడైన జూనిపరు కథలు పరాయివి యెట్లగును? రోజూ వంటకై ప్రార్థన మానుట యేల, పదునైదు దినములకు సరిపడ ఒక్కసారే వండి పెట్టెదనని, ఆ జూనిపరు పెద్ద కుండలు తెచ్చి, ఈకలు తీయని కోళ్ళను, పెంకు తీయని గ్రుడ్లను, ఆకుకూరలను కలిపి పొయ్యిమీద కెక్కించి, మంట వేడికి దగ్గఱకు పోలేక ఒడలికి పలక కట్టుకొని కుండనుండి కుండకు గెంతుచు కలియబెట్టెనట. భోజనశాలలో వడ్డించిన యా వంటను చూచి పెద్దగురువు కోపించినను, ఆ నిష్కపటత్వమునకు పిదప తలయొగ్గెను. సోమనాథుడు ముగ్ధభక్తులని పేరిడి ప్రేమించిన జాతికి చెందినవాడు ఈ జూనిపరు. ఇటలీలోని ఆ ఫ్రాన్సిసుసభవారికిని మన ద్విపదకవికిని పరిచయము లేదు. అయినను ఒకే శతాబ్దిలో రెండు దేశములయందు, పాండిత్యమునకంటె అమాయికభక్తి గొప్పదని ప్రజల భాషలో చెప్పవలెనను తహతహ పుట్టినది.

పునీతుల జీవితము కావ్యమగుటకు మన పొరుగుననే మఱియొక మహోదాహరణమున్నది. మరియమాత భర్తయగు యోసేపు సువార్తలలో ఒక్కమాటయైనను పలుకడు. కలగని, లేచి, చేయవలసినది చేయును; అంతే. అట్టి మౌనిని నాయకుని చేసి, ఇటలీదేశస్థుడైన బెస్కి, తమిళులు వీరమామునివరని గౌరవించు యేసుసభ గురువు, 1726లో 'తేంబావణి' యను మహాకావ్యమును తమిళమున ముగించెను. మూడు కాండములు, ముప్పదియాఱు పడలములు, 3615 పద్యములు. స్పెయినులో మరియ దె అగ్రెద యను మఠకన్య వ్రాసిన మరియమాత చరిత్రనుండి కథావస్తువును గ్రహించి, కంబని కావ్యమును ఔపోసన పట్టినవాడై, నజరేతు వడ్రంగిని తమిళదేశపు పొలములను, ఏఱులను తలపించు వర్ణనల నడుమ నిలిపెను. పరదేశి యొకడు మాతృభాష కాని భాషలో ఆ భాషాపండితులు తలలూచునట్లు కావ్యము చెప్పుట, అదియును మాటలాడని మనుష్యుని గూర్చి చెప్పుట, చదివినకొలది ఆశ్చర్యము గొలుపును.

ప్రవాహము అటునుండి ఇటే వచ్చినదని యనుకొనరాదు. ఇటునుండి అటు పోయిన కథయు నున్నది. అది మన అమరావతికిని, నాగార్జునకొండకును మిక్కిలి దగ్గఱి కథ. మధ్యయుగపు ఐరోపాలో బర్లాము, యోసఫాతు అను నిద్దఱు పునీతుల చరిత్ర ఇంచుమించు ప్రతి భాషలోను చదువబడెడిది. యోసఫాతు భారతదేశపు రాజకుమారుడు; ఈతడు ప్రపంచమును విడుచునని జ్యోతిష్కుడు చెప్పగా, తండ్రి దుఃఖము కంటబడకుండ సౌధములో పెంచెను; అతడు బయటికి వచ్చి రోగిని, అంధుని, వృద్ధుని చూచి విరక్తుడయ్యెను; రత్నవర్తకుని వేషమున వచ్చిన బర్లాము అతనికి ఉపదేశించెను; రాజ్యము విడిచి అడవికి పోయెను. ఈ కథ యెవరిదో తెలుగువానికి చెప్పనక్కఱలేదు. సిద్ధార్థుని మహాభినిష్క్రమణము అరబ్బీ, జార్జియను, గ్రీకు, లాటిను భాషల మీదుగా ప్రయాణించి, సువర్ణచరిత్రములో చోటు సంపాదించి, నవంబరు 27వ తేదీ స్మరణతో రోమను పునీతుల పట్టికలోనికి ఎక్కినది. పంతొమ్మిదవ శతాబ్ది మధ్యమున ఐరోపా పండితులు ఈ రహస్యమును విప్పిరి. కృష్ణాతీరపు శిల్పులు సున్నపుఱాతిపై చెక్కిన యా రాజకుమారుని, వేలాది మైళ్ళకావల క్రైస్తవ భిక్షువులు తమవాడని పూజించిరి. ఆ గ్రంథములోని పెట్టెల కథయే మార్పులు చెంది, షేక్‌స్పియరు 'వెనిసు వర్తకుడు' నాటకములో పోర్షియాను వరించువారికి పెట్టిన పరీక్షయైనది.

ఇంతటి కల్పన చేరిన చరిత్రలలో సత్యమెంత యని పాఠకు డడుగుట న్యాయము. ఆ ప్రశ్నను మొదట గట్టిగా నడిగినవారు విశ్వాసులే. యేసుసభకు చెందిన జాన్ బొల్లాండు 1643లో ఆంట్‌వెర్పు నగరమున 'ఆక్తా సాంక్తోరుము' తొలి సంపుటములను వెలువరించి, ప్రతి పునీతుని గూర్చిన ప్రాచీన ప్రతులను సేకరించి, పోల్చి, కల్పితములను వేఱుచేయు పని నారంభించెను. ఆయన యనుయాయులు దానిని తరతరములుగా కొనసాగించిరి; వారిలో నొకడైన దెలెహే 1905లో పునీతుల గాథలు ఎట్లు పుట్టి యెట్లు పెరుగునో వివరించు గ్రంథము వ్రాసెను. జార్జి పునీతుడు మహాసర్పమును సంహరించిన కథ ఆయన మరణించిన కొన్ని వందల యేండ్లకు గాని పుట్టలేదని ఇట్టి పరిశోధనవలననే తెలిసినది. సత్యము కొఱకు తమవారి కథలను తామే జల్లెడ పట్టిన యీ గురువుల ధైర్యమును భక్తిగానే నేను గౌరవింతును.

ఆధునిక రచయితలు ఈ నిధిని విడిచిపెట్టలేదు. ఫ్లొబేరు 1877లో వెలువరించిన మూడు కథలలో నొకటి జూలియను పునీతునిది. జోను ఆఫ్ ఆర్కు 1920లో పునీతగా ప్రకటింపబడగా, నాలుగేండ్లు తిరుగకమునుపే బెర్నార్డు షా ఆమెను నాటకమున కెక్కించెను. 1170 డిసెంబరులో కాంటర్బరీ దేవాలయమున హతుడైన బెకెట్టును గూర్చి ఎలియట్టు 1935లో పద్యనాటకము రచించెను. ఆ బెకెట్టు సమాధికి పోవు యాత్రికులే చాసరు కథలు చెప్పినవారు. గ్రీకు నవలాకారుడు కజంత్జాకిసు ఫ్రాన్సిసు పై నవల వ్రాసెను. తెలుగులో గుఱ్ఱము జాషువ 1958లో ప్రకటించి, 1964లో సాహిత్య అకాడమీ పురస్కారము పొందిన 'క్రీస్తు చరిత్ర'తో ఈ మార్గము మూలమునకే పోయెను. ప్రొటెస్టంటు సంఘములలో పునీతులను వేడుకొను ఆచారము లేకున్నను, సాధు సుందరసింగు వంటి భక్తుల జీవితములను ఇంటింట చదివి కంటనీరు పెట్టుకొను ఆచారమున్నది. అదియు ఈ సాహిత్యపు శాఖయే.

ఇపుడు నా మనస్సులోని ప్రధాన విషయమునకు వచ్చెదను. అసిస్సీని, లొయోలాను, లిసియో తెరేజమ్మను మనవారు ఎఱుగుదురు. మన నేలపై నడచినవారికి మన గద్యము పడిన ఋణ మింకను తీరలేదు.

ఒంగోలు ప్రాంతమున తాళ్ళకొండపాడు గ్రామమునకు చెందిన యెఱ్ఱగుంట్ల పేరయ్య మాదిగకులస్థుడు, తోళ్ళపని చేసి జీవించినవాడు. చదువు లేకున్నను సత్యాన్వేషణ యుండెను. క్రైస్తవమునకు రాకముందే యోగమార్గమున గురువు నాశ్రయించి సాధన చేసెను. తోళ్ళ వ్యాపారమునకై ఉత్తరమునకు పోయి ఏలూరులో సువార్త విని, 1866లో భార్య నాగమ్మతో కూడ బాప్తిస్మము పొంది, ఊరూరు తిరిగి ప్రకటించెను. అతడు వేసిన బాటలోనే, ధాతకఱవను మహాక్షామము దాటిన పిమ్మట, 1878 జులై 3న గుండ్లకమ్మ తీరమున వెల్లంపల్లివద్ద ఒక్కదినమున 2222 మంది బాప్తిస్మము పొందిరి. అక్కడి మిషనరీయైన క్లౌ దొరగారి పేరు నేటికిని ఒంగోలులో వినబడును. పేరయ్య పేరు వినబడుట తక్కువ. అతని జీవితమును శ్రద్ధతో వ్రాసినది దొరగారి భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. చెప్పులు కుట్టుకొనుచు జనులు చెప్పుకొను కథలని యర్థమిచ్చు పేరు పెట్టి 1899లో ఆంగ్లమున ప్రకటించెను. ఆమె మేలు మఱువరానిది. కాని పేరయ్య కథ పేరయ్య భాషలో, ఒంగోలు పలుకుబడితో, అతని తోళ్ళ వాసనతో, అతడు మ్రొక్కిన గురువు నుడువులతో, తెలుగు నవలయై వెలువడవలదా?

కృష్ణాజిల్లాలోని పెదావుటపల్లికి ప్రతి సంవత్సరము జనవరి నడుమ వేలాది జనులు, అందులో క్రైస్తవేతరులును, తరలిపోవుదురు. అక్కడ నిద్రించుచున్న బ్రదర్ జోసఫ్ తంబి గురుపట్టము పొందినవాడు కాడు. దక్షిణమునుండి వచ్చి, ఫ్రాన్సిసు మూడవసభవారి అంగీ తొడిగి, భిక్షమెత్తి, తెచ్చినదానిని పేదలకు పెట్టి, 1945 జనవరి 15న కన్నుమూసెను. శ్రీసభ ఆయనను దైవసేవకుడని పిలుచుచు, పునీతపట్టమునకై విచారణ జరుపుచున్నది. విచారణకు సాక్ష్యములు కావలెను. సాహిత్యమునకు ఆయన నడచిన కాలిబాటలు, తట్టిన తలుపులు, ఆయనకు అన్నము పెట్టిన ఇల్లాండ్ర మాటలు కావలెను.

మూడవవారు డాక్టరు మేరీ గ్లౌరీ. 1887లో ఆస్ట్రేలియాలో పుట్టి, మెల్బోర్నులో వైద్యవిద్య ముగించి ప్రాక్టీసు చేయుచున్న ఆమె, 1915 అక్టోబరులో ఒక ఆదివారము గుడినుండి వచ్చిన పిమ్మట, భారతదేశపు స్త్రీలకు వైద్యము దొరకవలెనని జీవితమంతయు పాటుపడిన ఆగ్నెస్ మెక్‌లారెన్ అను వైద్యురాలి గూర్చిన చిన్న కరపత్రమును చదివెను. చదువుట ముగియులోపలనే తన బ్రదుకు నిర్ణయమైపోయినదని ఆమె తెలిసికొనెను. అంతోని చరిత్ర రాజోద్యోగిని మార్చినట్లు, పునీతుల చరిత్ర లొయోలాను మార్చినట్లు, ఒక కరపత్రము ఈమెను మార్చినది. 1920 ఫిబ్రవరిలో గుంటూరు చేరి, మఠకన్యయై, పోపుగారి ప్రత్యేకానుమతితో వైద్యము చేయుచు, ఆసుపత్రిని పెంచి, పల్లెలకు ఎడ్లబండ్లపై పోయి, తెలుగు తల్లులకు పురుళ్ళు పోసెను. 1943లో ఆమె నెలకొల్పిన కాథలిక్ వైద్యశాలల సంఘమునకు ప్రధాన కార్యాలయము నేడు సికిందరాబాదులోని గన్‌రాక్ ఎన్‌క్లేవులో, మన సైనిక్‌పురినుండి కొద్దిసేపటి ప్రయాణదూరములో నున్నది. 1957 మే 5న బెంగుళూరులో ఆమె పరమపదించెను. 2013లో ఆమెకును దైవసేవిక యను గౌరవము లభించెను.

ఈ ముగ్గుఱి జీవితములకు పనిముట్లు సిద్ధముగా నున్నవి. ఎమ్మాగారి గ్రంథము ఉన్నది. గ్లౌరీగారు స్వదేశమునకు వ్రాసిన జాబులున్నవి. పెదావుటపల్లిలో విచారణ గురువులు భద్రపఱచిన వ్రాతలున్నవి. వ్రాయబూనువారు అద్భుతముల పట్టికతో మొదలిడక, బెస్కివలె భూమిని మొదట చూపవలెనని, బొల్లాండువలె ప్రతి సాక్ష్యమును నిగ్గుతేల్చి గాని వ్రాయరాదని నా కోరిక. పేరయ్య నాటివారెవ్వరును లేరు. గ్లౌరీగారి చేతిమీద పుట్టిన బిడ్డలు గుంటూరు మండలములో నేడు వృద్ధులై యున్నారు. తంబిగారు కన్నుమూసిన 1945లో పదేండ్ల పిల్లలై ఆయన వెంట నడచినవారు ఇపుడు తొంబదికి అటునిటు చేరియున్నారు. వారి యిండ్లకు పోయి, కూర్చుండి, వారు చెప్పుమాటలను వారి మాటలతోనే వ్రాసికొనుటకు మన రచయితలును, పత్రికలవారును, కళాశాలలలోని తెలుగుశాఖలవారును ఈ యేడే బయలుదేరవలెను.